క్లాసుకూ బస్సుకూ నడుమ

యూనివర్సిటీల్లో కొత్త భవనాల మాట మళ్లీ వినిపిస్తోంది. అందరూ కలిసి కూర్చోవడానికి ఒక భవనం కట్టాలనుకుంటే, ముందు మన పిల్లలు ఇప్పుడు ఎక్కడ కూర్చుంటున్నారో చూడాలి. ఆ చూడటమేదో మెట్‌పల్లి బస్టాండు నుంచి మొదలుపెడితే ఇంకా మంచిది.

2022 జూన్ నడిమధ్య బాసర ట్రిపుల్ ఐటీ విద్యార్థులు వేల మంది మెయిన్ గేటు దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఎండ కాసింది, వాన పడింది. గొడుగులు తెరిచారు గానీ లేవలేదు. రెగ్యులర్ వీసీ కావాలి, చాలినంత మంది అధ్యాపకులు కావాలి, ల్యాప్‌టాప్‌లు కావాలి, యూనిఫారాలు కావాలి, ఇట్లా మొత్తం పన్నెండు డిమాండ్లు. దాదాపు వారం గడిచాక, 20వ తేదీ రాత్రి అప్పటి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి వచ్చి మాట్లాడితే ఆందోళన విరమించారు.

ఆ పన్నెండింటిలో ఎన్ని తీరాయన్నది వేరే కథనం. నా చూపంతా ఆ గేటు మీద ఉంది. బాసరలో చదువు ఆరేళ్లు. పదో తరగతి కాగానే వచ్చిన పిల్లలు రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల ఇంజినీరింగ్ అక్కడే పూర్తి చేస్తారు. పదిహేనేళ్ల పిల్ల, ఇరవై ఒక్కేళ్ల యువకుడు ఒకే ప్రహరీ లోపల ఏళ్ల తరబడి ఉంటారు. మామూలు రోజుల్లో ఎవరి బ్లాకు వాళ్లది, ఎవరి హాస్టల్ వాళ్లది. ఆ వారం మాత్రం అందరూ ఒకే నేల మీద కూర్చున్నారు. బయటి లోకానికి కనపడాలనే గేటును ఎంచుకున్నారు, కాదనను. అయినా ఒక క్యాంపస్ క్యాంపస్ అంతా ఒక్కచోట చేరాలంటే ఆందోళన తప్ప వేరే సందర్భం దొరకలేదన్నది ఆలోచించవలసిన సంగతే.

హైదరాబాద్ వెళ్లినా ఇదే వరస. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైనప్పుడు సొంత గూడు లేదు, అద్దె భవనాల్లో క్లాసులు నడిచాయి. ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాది వేసి, 1939 డిసెంబరు 4న మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారు. గీసింది బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్. ఆ గులాబీ రాయి, ఆ ఎత్తయిన కమాను సినిమాల్లో చూడనివాళ్లు తెలుగునాట ఉండరు. కట్టింది క్లాసుల కోసం. మన తరానికి గుర్తున్నది మాత్రం దాని ముందున్న మెట్లు. తెలంగాణ ఉద్యమ కాలంలో, 2009 చివరి నుంచి, సభ అంటే ఆ మెట్ల ముందే. ఓయూలో టాగూర్ ఆడిటోరియం ఉంది, కుర్చీలున్నాయి, మైకులున్నాయి. పిల్లలు మాత్రం మెట్ల మీద కూర్చున్నారు.

గచ్చిబౌలి హైదరాబాద్ యూనివర్సిటీలో ఇంకో రకం. అక్కడ షాపింగ్ కాంప్లెక్స్‌ను విద్యార్థులు 'షాప్‌కామ్' అంటారు. జిరాక్స్, చాయ్, చిల్లర సామాను దొరికే చోటు. 2016 జనవరిలో హాస్టళ్ల నుంచి వెలివేసిన ఐదుగురు దళిత విద్యార్థులు 'వెలివాడ' వేసుకుని పడుకున్నది అక్కడే. ఆ ఐదుగురిలో ఒకడైన రోహిత్ వేముల ఆ నెల 17న చనిపోయాక దేశమంతా చూసిన చోటూ అదే. ఆ క్యాంపస్‌కు నడిబొడ్డు ఏదని అడిగితే ఎవరైనా అటే చూపిస్తారు.

గేటు, మెట్లు, చాయ్ దుకాణం. మూడింట్లో ఒక్కటి కూడా విద్యార్థులు కలుసుకోవాలని కట్టింది కాదు. మూడు చోట్లా తలుపు తట్టనక్కర్లేదు, తాళం తీయించనక్కర్లేదు. కూర్చోవడానికి ఎవరికీ దరఖాస్తు రాయనక్కర్లేదు. పని మీద పోయేవాడికి అది దారిలోనే ఉంటుంది, ఆగితే నలుగురు కనిపిస్తారు. కొత్తగా కట్టబోయేవాళ్లు ముందు ఈ సంగతి మనసులో పెట్టుకుంటే సగం పని అయినట్టే.

ఇప్పుడీ మాట ఎందుకంటే, డబ్బు కదులుతోంది. 2025 ఆగస్టులో ఉస్మానియాలో దుందుభి, భీమ పేర్లతో కొత్త హాస్టళ్లు తెరిచారు. అదే ఏడాది డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఆర్ట్స్ కాలేజీ దగ్గరికే వచ్చి యూనివర్సిటీ అభివృద్ధికి వెయ్యి కోట్లు ఇస్తామన్నారు. ఓయూకు ఇంత ఇస్తే మాకేదని జిల్లా యూనివర్సిటీలు అడుగుతాయి. అడగాలి కూడా. అడిగి తెచ్చుకున్న సొమ్ముతో ఏం కడతారన్నదే నా బెంగ.

మూడు తరాలు, మూడు పట్టాలు

మెట్‌పల్లి వైపు చదువుకున్న ఇల్లు ఏదైనా చూడండి. 1970ల మొదట్లో డిగ్రీ చేసిన తాత పట్టా మీద ఉస్మానియా అని ఉంటుంది. 1976లో వరంగల్‌లో కాకతీయ యూనివర్సిటీ వచ్చాక, 1990ల్లో చదివిన నాన్న పట్టా మీద కాకతీయ అని ఉంటుంది. 2008లో కరీంనగర్‌లో శాతవాహన యూనివర్సిటీ పెట్టారు గనుక బిడ్డ మెమో మీద శాతవాహన అని ఉంటుంది. ఇల్లు మారలేదు, ఊరు మారలేదు. యూనివర్సిటీయే ఇంటికి దగ్గరగా జరుగుతూ వచ్చింది, మొదట హైదరాబాద్ నుంచి వరంగల్‌కు, అక్కడి నుంచి కరీంనగర్‌కు.

దగ్గరికి రావడం మంచిదే. కానీ ఎంత దగ్గరైంది? ఇవాళ శాతవాహన పరిధి అంటే కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లోని అనుబంధ కాలేజీలన్నీ. ఆ యూనివర్సిటీ పేరు మీద పరీక్ష రాసేవాళ్లలో మల్కాపూర్ క్యాంపస్‌లో కూర్చుని చదివేవాళ్లు పిడికెడు. తక్కినవాళ్లకు యూనివర్సిటీ అంటే హాల్‌టికెట్ మీద ముద్ర, మెమో మీద సంతకం. మెట్‌పల్లి డిగ్రీ కాలేజీలో మూడేళ్లు చదివిన అబ్బాయి యూనివర్సిటీ గేటు చూసేది సాధారణంగా ఒకే పని మీద: ప్రొవిజినల్ కావాలి, లేదంటే మెమోలో ఇంటిపేరు తప్పు పడింది. కౌంటరు ముందు నిలబడతాడు, చలాన్ కడతాడు, కాగితం తీసుకుని బస్సెక్కుతాడు. అతన్ని విద్యార్థి అని యూనివర్సిటీ లెక్కల్లో రాసుకుంటుంది. కూర్చోమని మాత్రం ఎవరూ అనరు.

ఈ ప్రాంతంలో ఇంకో చిత్రం ఉంది. మెట్‌పల్లి నుంచి కరీంనగర్ పోయే దారిని పట్టుకుని చూడండి. కోరుట్లలో వెటర్నరీ కాలేజీ, అది పీవీ నరసింహారావు పశువైద్య యూనివర్సిటీది. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ కాలేజీ, అది జయశంకర్ యూనివర్సిటీది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో ఇంజినీరింగ్ కాలేజీ, అది జేఎన్‌టీయూది. అటు నిజామాబాద్ దారి పడితే డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ. ఇన్ని యూనివర్సిటీల పిల్లలు ఒకే రోడ్డు మీద తిరుగుతున్నారు. పశువుల డాక్టరు కాబోయే పిల్ల, వరి వంగడాలు చదివే పిల్లవాడు, కోడింగ్ నేర్చుకునేవాడు, తెలుగు ఎం.ఏ. చేసేవాడు. నలుగురూ ఒకచోట కలిసే అవకాశం ఎక్కడుందని ఆలోచిస్తే నాకు తట్టింది ఒక్కటే, జగిత్యాల బస్టాండు. పండగ సెలవుల ముందు రోజు సాయంత్రం అక్కడ బ్యాగులతో నిలబడ్డవాళ్లను చూస్తే ఉత్తర తెలంగాణ ఉన్నత విద్య అంతా ఒక్క ప్లాట్‌ఫారం మీదే ఉన్నట్టు ఉంటుంది. ఆ నిలబడటం కూడా బస్సు వచ్చేదాకానే.

బస్సు చెప్పిందే టైంటేబుల్

కరీంనగర్‌లో పీజీ చదువుతూ రోజూ మెట్‌పల్లి నుంచి వచ్చిపోయే అమ్మాయి దినం ఎలా ఉంటుందో లెక్కేసి చూడండి. తెల్లారకముందే లేవాలి. అమ్మ కట్టిన టిఫిన్ డబ్బా బ్యాగులో పెట్టుకుని బస్టాండుకు రావాలి. కోరుట్ల, జగిత్యాల, కొండగట్టు కింద మల్యాల చౌరస్తా, గంగాధర, కొత్తపల్లి. ఎనభై కిలోమీటర్లకు పైనే, రెండు గంటలు దాటుతుంది. కరీంనగర్‌లో దిగాక మళ్లీ ఆటో. క్లాసులు అయిపోగానే ఇదే దారి వెనక్కి. చలికాలమైతే ఇల్లు చేరేసరికి చీకటి.

2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ చేతికొస్తుంది. ఆ పథకం మీద ఎవరికి ఏ అభిప్రాయమున్నా, హాస్టల్ ఖర్చుకు జంకి ఆడపిల్లను డిగ్రీతో ఆపేద్దామనుకునే ఇంట్లో 'వచ్చిపోతుందిలే' అన్న మాట వినపడటానికి అది కారణమైంది. పెద్దపల్లి, కరీంనగర్ నుంచి మెట్‌పల్లి మీదుగా నిజామాబాద్ దాకా రైలు పట్టాలు 2017లోనే కలిశాయి. రోజూ చదువుకుపోయే పిల్లలకు మాత్రం నేటికీ బస్సే దిక్కు.

ఇక్కడే అసలు విషయం. రోజూ వచ్చిపోయే విద్యార్థికి క్యాంపస్‌లో దొరికే ఖాళీ సమయం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. సార్ రాకపోతే ఒక గంట. మధ్యాహ్నం అన్నానికి కొంచెంసేపు. క్లాసు అయిపోయి బస్సు వచ్చేదాకా ఒక ముప్పావు గంట. హాస్టల్లో ఉండేవాడికి సాయంత్రాలున్నాయి, రాత్రులున్నాయి, ఆదివారాలున్నాయి. వచ్చిపోయేవాళ్లకు ఈ ముక్కలే మిగులుతాయి. వాటిని వాళ్లు ఎక్కడ గడుపుతున్నారు? ఖాళీ క్లాసురూంలో బెంచీ మీద తల వాల్చి, వేపచెట్టు కింద నిలబడి, లేడీస్ వెయిటింగ్ రూం అని బోర్డు ఉండి లోపల విరిగిన కుర్చీలు పేర్చిన గదిలో. క్యాంపస్ సెంటర్ అనేది ఒకటి కట్టేదుంటే ఈ ముక్కల కోసం కట్టాలి. ఏడాదికి రెండుసార్లు జరిగే స్నాతకోత్సవం, వార్షికోత్సవం కోసం ఏసీ ఆడిటోరియం కడితే, మిగతా రోజులన్నీ దాని తాళంచెవి అటెండరు జేబులో ఉంటుంది.

చాయ్ బండి దగ్గర ఆడపిల్ల

మన కాలేజీలకు క్యాంపస్ సెంటర్ లేకేమీ లేదు, గేటు బయట ఉంది. చాయ్ బండి. సమోసా, సిగరెట్, రెండు సిమెంటు బెంచీలు. మగపిల్లల స్నేహాలు, తగాదాలు, ఉద్యోగ నోటిఫికేషన్ల కబుర్లు, పార్టీల రాజకీయం, గల్ఫ్ వీసాల ముచ్చట్లు అన్నీ అక్కడే. మెట్‌పల్లి, కోరుట్ల వైపు ప్రతి వాడకట్టు నుంచీ ఎవరో ఒకరు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు గనుక ఆ ముచ్చట్లకు కరువుండదు. సీనియర్ జూనియర్‌కు గ్రూప్స్ పుస్తకాల పేర్లు చెప్పేది ఆ బెంచీ మీదే. ఏ సబ్జెక్టులో ఏ ప్రశ్న వస్తుందో, ఏ ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్ ఖాళీ ఉందో తెలిసేదీ అక్కడే.

ఇన్ని లాభాలున్న ఆ బెంచీ మీద ఆడపిల్ల కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ బోర్డు పెట్టలేదు. కానీ సాయంత్రానికి ఆ ముచ్చట ఊరు చేరుతుంది, 'మీ బిడ్డ కాలేజీ బయట చాయ్ తాగుతోందట' అని. చాయ్ గ్లాసుతోపాటు కబురూ, పరిచయమూ, దారి చూపే సీనియరూ అన్నీ తప్పిపోతున్నాయి. క్లాసురూంలో అమ్మాయిలు సగం మంది, కొన్నిచోట్ల సగానికి పైన. క్యాంపస్ ముచ్చట్లలో మాత్రం వాళ్ల వాటా లేదు. నన్నడిగితే, జిల్లా యూనివర్సిటీకి ఒక కలిసి కూర్చునే భవనం కావాలనడానికి ఈ ఒక్క కారణం చాలు. మిగతావన్నీ దీని తర్వాతే.

ఇది మన పల్లెటూళ్ల మోటుతనమని అనుకోనక్కర్లేదు. అమెరికాలో విద్యార్థుల కోసమే కట్టిన మొదటి యూనియన్ భవనం ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వారి హ్యూస్టన్ హాల్, 1896లో తెరిచారు. ఈతకొలను, ఆటల గదులు, చదువుకునే గదులు అన్నీ పెట్టారు. కొన్ని దశాబ్దాల పాటు అందులోకి ఆడపిల్లలకు ప్రవేశం లేదు. 1928లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో చెరువు ఒడ్డున మెమోరియల్ యూనియన్ కట్టారు. దాని ముందరి టెర్రస్ మీద రంగురంగుల కుర్చీల్లో కూర్చోవడం ఆ ఊరికే పెద్ద ఆకర్షణ. కార్యక్రమాలు నడిపేది విద్యార్థుల కమిటీలు. అంత పేరున్న చోట కూడా, 'రాట్స్‌కెల్లర్' అని పిలిచే తిండి హాలు రెండో ప్రపంచ యుద్ధం నాటి దాకా మగవాళ్లదే. ఆ తర్వాతే మారింది.

ఇప్పుడు మన పిల్లలు ఎం.ఎస్. కోసం డల్లాస్ వైపో, ఇంకెటో పోతారు. దసరా వచ్చిందంటే వాట్సాప్‌లో వీడియో వస్తుంది. యూనివర్సిటీ స్టూడెంట్ సెంటర్‌లో హాలు తీసుకుని, గునుగు పువ్వు దొరక్క దుకాణంలో కొన్న పూలతో బతుకమ్మ పేర్చి ఆడుతున్న వీడియో. హాలు ఎట్లా దొరికిందిరా అంటే, స్టూడెంట్ సంఘం పేరు మీద ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నామంటారు, అదేదో మామూలు సంగతైనట్టు. ఇక్కడ డిగ్రీ కాలేజీలో బతుకమ్మ ఆడటానికి సౌండ్ బాక్సు పెట్టుకుంటామంటే ఎంత మంది దగ్గరికి తిరగాల్సి వచ్చేదో ఆ పిల్లలకు గుర్తుండే ఉంటుంది.

గుమిగూడితే ఏమవుతుందోనని

పిల్లలు ఒకచోట చేరితే ఏమవుతుందోనన్న ఈ భయానికి చరిత్ర ఉంది, దాన్ని దాచిపెట్టి భవనం గురించి మాట్లాడటం సరికాదు. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర. అంతకు ముందు నుంచే రాడికల్ విద్యార్థులు సెలవుల్లో పల్లెలకు వెళ్లి పనిచేశారు. అదే ఏడాది అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అప్పటి నుంచి పాతికేళ్ల పాటు ఈ జిల్లాల్లో పదిమంది విద్యార్థులు ఒకచోట కూర్చున్నారంటే అది పోలీసు స్టేషన్‌కు వార్త. తల్లిదండ్రులూ అదే భయంతో 'క్లాసు అయిపోగానే ఇంటికి రా' అన్నారు. ప్రిన్సిపాళ్లు గదులకు తాళాలు వేశారు. 1980ల చివర్లో హింస పేరు చెప్పి ఉమ్మడి రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలే ఆపేశారు. విద్యార్థి ఎన్నికలు క్రమం తప్పకుండా జరపాలని లింగ్డో కమిటీ 2006లో సిఫారసు చేసింది, సుప్రీంకోర్టు అమలు చేయమంది. గచ్చిబౌలిలోని కేంద్ర యూనివర్సిటీలో జరుగుతున్నాయి. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆ ఊసు లేదు.

కాలం మారింది, పోలీసు జీపులు పోయాయి. తాళాలు మాత్రం అలవాటుగా మిగిలాయి. ఏ భవనమైనా సాయంత్రం ఐదు కాగానే మూసేయడం, ఏ సమావేశానికైనా ముందుగా 'ఎవరెవరు మాట్లాడతారు?' అని అడగడం, లైబ్రరీలో మాట్లాడితే కసురుకోవడం, కారిడార్‌లో నిలబడితే క్లాసు లేదా అని గద్దించడం. పిల్లలు కలిసి కూర్చోవడం చదువులో భాగమని నమ్మే అధికారి వస్తే తప్ప ఎంత గొప్ప ఆర్కిటెక్టును పిలిచినా ఉపయోగం లేదు. ఎన్నికైన విద్యార్థి సంఘం లేనిచోట ఆ భవనాన్ని ఎవరు నడుపుతారన్న ప్రశ్న కూడా మిగిలే ఉంటుంది. గుత్తేదారు నడిపితే అది క్యాంటీన్ అవుతుంది. ఆఫీసు నడిపితే ఇంకో ఆఫీసు అవుతుంది.

కట్టేదుంటే ఇట్లా

2008లో శాతవాహన పుట్టింది, బాసర ట్రిపుల్ ఐటీ పుట్టింది, ఐఐటీ హైదరాబాద్ కూడా ఆ ఏడాదే పుట్టింది. ఐఐటీకి కందిలో క్యాంపస్ కట్టేటప్పుడు జపాన్ సంస్థ జైకా రుణమిచ్చింది, టోక్యో యూనివర్సిటీ ఆచార్యులు డిజైన్లలో చేయి కలిపారు. అది మంచిదే, అక్కడి పిల్లలకు దక్కనీయండి. కరీంనగర్‌కు జపాన్ రాదు. రాకపోయినా ఫరవాలేదు, ఇక్కడ కావలసినవాటికి అంత ఖర్చూ లేదు.

మొదట బాత్రూములు. నవ్వొస్తే నవ్వండి. రెండు గంటలు బస్సులో కూర్చుని వచ్చిన ఆడపిల్ల క్యాంపస్‌లో మొదట వెతికేది అదే. నీళ్లు వచ్చే, లోపల గడియ పడే, రోజూ కడిగే బాత్రూములు ఎక్కడుంటే పిల్లలు ఆ చుట్టుపక్కలే మసలుతారు. ఏ ఆర్కిటెక్చర్ పుస్తకం చూసి చెబుతున్నది కాదిది, పెళ్లి ఫంక్షన్ హాలు నడిపే ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు.

తర్వాత అరుగు. ఇక్కడి పాత ఇళ్లకు దర్వాజకు రెండు పక్కలా గద్దెలుండేవి. దారిన పోయేవాడు అడగకుండా కూర్చునేవాడు. ఇంట్లోకి వచ్చినట్టూ కాదు, రోడ్డు మీద ఉన్నట్టూ కాదు. భవనం చుట్టూ వెడల్పాటి వరండా, దానికి మోకాలెత్తు రాతి అరుగు, మీద లోతైన చూరు. మే నెలలో నలభై ఐదు డిగ్రీలు కాసే ప్రాంతంలో అద్దాల గోడలు పెట్టి ఏసీ బిగిస్తే కరెంటు బిల్లుకు భయపడి ఆ ఏసీ ఆపేస్తారు, అప్పుడా గది ఎవరూ కూర్చోలేని కొలిమి అవుతుంది. గాలి ఆడే వరండాకు బిల్లు రాదు.

డబ్బా తినే చోటు వేరే ఉండాలి. చేతులు కడుక్కోవడానికి వరసగా నల్లాలు, డబ్బా కడుక్కోవడానికి ఒక తొట్టి, పొడుగాటి బల్లలు. పొడుగాటివే ఎందుకంటే, నలుగురు కూర్చునే బల్ల వేస్తే ఆ నలుగురే కూర్చుంటారు. ఇరవై మందికి ఒక బల్ల వేస్తే కెమిస్ట్రీ అమ్మాయి పక్కన సోషియాలజీ అమ్మాయి కూర్చోక తప్పదు, మామిడికాయ తొక్కు చేతులు మారక తప్పదు. ఎవరి కులపోళ్లు వాళ్లు, ఎవరి ఊరోళ్లు వాళ్లు మూలమూలల్లో కూర్చునే అలవాటుకు కొంతైనా విరుగుడు ఈ పొడుగు బల్ల. కొంతే. మొత్తం మారుతుందని నేననను.

ఇక నా సలహాల్లో గట్టిది ఒకటుంది. మెమోలు, ప్రొవిజినళ్లు, పేరు సవరణలు ఇచ్చే కౌంటర్లను పరిపాలన భవనం నుంచి తెచ్చి ఈ భవనంలో పెట్టండి. జిరాక్స్ ఇక్కడే, స్కాలర్‌షిప్ దరఖాస్తు చేసిపెట్టేది ఇక్కడే, బస్‌పాస్ ఇచ్చేది ఇక్కడే. అప్పుడు మెట్‌పల్లి నుంచి, మంథని నుంచి, వేములవాడ నుంచి ఒక్కరోజు పని మీద వచ్చిన అనుబంధ కాలేజీ విద్యార్థి కూడా ఈ వరండాలోనే ఆగుతాడు. కాగితం తయారయ్యేలోపు చాయ్ తాగుతాడు. పక్కన కూర్చున్న పీజీ విద్యార్థిని ఎంట్రన్స్ ఎట్లా రాశావన్నా అని అడుగుతాడు. యూనివర్సిటీతో అతనికున్న బంధం ఆ అరగంటే అయినా, ఇప్పుడున్న కిటికీ ముందరి క్యూ కంటే నయం.

ముందర చదునైన జాగ వదలాలి. లాన్ వేసి 'నడవరాదు' అని బోర్డు పెట్టేది కాదు, వందమంది బతుకమ్మ చుట్టూ తిరగగలిగే గట్టి నేల. నడుమ బతుకమ్మలు పెట్టడానికి కొంచెం ఎత్తు, పక్కన ఒక ప్లగ్ పాయింటు. దసరాకు ఎట్లాగూ సెలవులిస్తారు గనుక కాలేజీల్లో బతుకమ్మ సెలవులిచ్చే ముందు రోజే ఆడతారు. ఆ ఒక్కరోజు కోసం వదిలిన జాగ ఏడాదంతా పనికొస్తుంది. మగపిల్లలు వాలీబాల్ నెట్ కడతారు, ఎవరో డప్పు పట్టుకొస్తారు, ఇంకెవరో ప్లకార్డు పట్టుకుని కూర్చుంటారు. ప్లకార్డు పట్టుకున్నా లేవగొట్టొద్దు. గేటు దాకా పోవలసిన అవసరం అక్కడే సగం తీరుతుంది.

భవనం కట్టాక ఊడ్చేదెవరు? మన దగ్గర కట్టడానికి నిధులొస్తాయి, శిలాఫలకం మీద పేర్లొస్తాయి. ఊడ్చేవాళ్ల జీతానికి, పగిలిన కుండీ మార్చడానికి, కాలిపోయిన ఫ్యాన్ మోటారు చుట్టించడానికి పద్దు ఉండదు. అందుకని ఇంకో మాట కూడా. ఎంత చిన్నదైనా కడదాం, కానీ దాని నిర్వహణకు ఏటా ఇంత అని రాసిపెట్టాకే శిలాఫలకం చెక్కిద్దాం.

మెట్‌పల్లిలోనూ ఒకటి

ఇదంతా కరీంనగర్‌లోనే ఎందుకుండాలి? విద్యార్థులు నాలుగు జిల్లాల్లో ఉన్నప్పుడు యూనివర్సిటీ కూర్చోబెట్టే చోటు కూడా నాలుగైదు ఊళ్లలో ఉండొచ్చు. మెట్‌పల్లి సంగతే తీసుకోండి. ఖాదీకి పేరు మోసిన ఊరు, పసుపు వ్యాపారానికి చుట్టుపక్కల మండలాలన్నీ వచ్చే ఊరు, రెవెన్యూ డివిజన్, ఆర్టీసీ డిపో అన్నీ ఉన్నాయి. కాలేజీ కుర్రాడు సాయంత్రం కూర్చుని చదువుకోవాలన్నా, నలుగురితో మాట్లాడాలన్నా జాగ లేదు. అయినా మనం కట్టే ఇంటిపన్ను ప్రతి రూపాయికీ ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. నిజాం కాలంలో చందాలు పోగేసి 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హన్మకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం పెట్టుకున్న ప్రాంతం మనది. ఆ నిలయాలు పుస్తకాల కోసమే కాదు, మనుషులు కలుసుకోవడానికి కూడా. ఇప్పుడు గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల పిల్లలు పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకుంటారు, గుడ్లప్పగించి చదువుతారు, పక్కవాడి పేరు కూడా అడగకుండా వెళ్లిపోతారు. గొంతెత్తి చర్చించుకోగలిగే ఒక గది, రాత్రి తొమ్మిది దాకా దీపం, యూనివర్సిటీ నుంచి నెలకొకసారి వచ్చే ఒక ఆచార్యుడు. యూనివర్సిటీ, గ్రంథాలయ సంస్థ కలిసి కూర్చుని మాట్లాడుకుంటే ఇంతకన్నా పెద్ద ఖర్చు లేదు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో హాజరు పడిపోయిన పిల్లలకు క్లాసు నోట్సు దొరికే చోటు కూడా అదే అవుతుంది.

చివరగా, టెండరు పిలిచే ముందు ఆర్కిటెక్టును ఒక్కసారి ఇటు తీసుకురండి. జనవరిలో కాదు, మే మొదటి వారంలో. కారులో కాదు, పొద్దున్నే మెట్‌పల్లి డిపో పల్లెవెలుగులో, కరీంనగర్ దాకా నిలబడి. మధ్యాహ్నం డబ్బా ఎక్కడ తింటాడో, బాత్రూం ఎక్కడ వెతుక్కుంటాడో, సాయంత్రం జగిత్యాల బస్సు వచ్చేదాకా ఎక్కడ కూర్చుంటాడో ఆయనకే వదిలేయండి. ప్లాను మర్నాడు గీయమనండి.